విషాదగీతాలూ, నేను చేసిన దిద్దుబాటూ

మన విమర్శలో "నిరాశావాదం" అన్నది ఒక రబ్బరు ముద్ర. కొట్టడం తేలిక, కొట్టిన తరవాత ఆ కాగితాన్ని మళ్ళీ చదవనక్కర లేదు. ఆ ముద్ర చేత పట్టుకుని నేనూ చాలాకాలం తిరిగాను. అది నా చేతిలోంచి ఎలా జారిందో చెప్పాలంటే ఒక అమెరికన్ గ్రామఫోను రికార్డు గురించి చెప్పాలి. మన పత్రికలో దానికి చోటేమిటని అడిగేవారు కాస్త ఓపిక పట్టాలి.

రికార్డు పేరు "ట్రాజిక్ సాంగ్స్ ఆఫ్ లైఫ్". 1956లో కాపిటల్ కంపెనీ విడుదల చేసింది. పాడినవారు లూవిన్ సోదరులు - అన్న ఐరా, తమ్ముడు చార్లీ. మొత్తం పన్నెండు పాటలు. ఒక పాటలో ప్రియుడు ప్రియురాలిని కొట్టి చంపి యేట్లో పారేస్తాడు. ఒక దాంట్లో పెద్దలు ఒప్పుకోక జంట ఇద్దరూ కత్తికి బలవుతారు. ఇంకొక దాంట్లో బిడ్డనెత్తుకుని పుట్టింటి గడపకు వచ్చిన పిల్ల, తండ్రి తలుపు తీయక, చలికి బిగుసుకుని చచ్చిపోతుంది. తెల్లవారి చూస్తే బిడ్డ మాత్రం ఆమె చేతుల్లో బతికే వుంటుంది.

మా అమ్మాయి అలబామా రాష్ట్రంలో హంట్స్‌విల్‌లో కాపురముంటున్నది. రాకెట్ల వూరు అది. మన ఇంజనీర్లు కొందరు అక్కడ వున్నారు. ఒక ఆదివారం అల్లుడు కారులో తిప్పుతూ "మామయ్యగారూ, మీ జానపదాల్లాగే వుంటాయి, వినండి" అని ఈ పాటలు పెట్టాడు. టెనెస్సీ నది దాటి శాండ్ మౌంటెన్ అనే మిట్ట మీదికి ఎక్కుతున్నాం. కొండ అంటారు గాని, పైన బల్లపరుపుగా పొలాలు. ఇప్పుడు పొడుగాటి కోళ్ళ షెడ్లు కనిపిస్తాయి. ఈ అన్నదమ్ములు పెరిగిన హెనగర్ ఆ మిట్ట మీదిదే. ఐరా 1924లో, చార్లీ 1927లో పుట్టారు. ఇంటిపేరు లౌడర్‌మిల్క్, జనం నోట తిరగదని లూవిన్ అని మార్చుకున్నారు. పత్తి చేలో పని చేస్తూ పెరిగినవాళ్ళు. రోడ్డు మీద రాయ్ ఏకఫ్ అనే పెద్ద గాయకుడి కారు వెళుతుంటే చేలో నిలబడి చూసిన సంగతి చార్లీ తన జ్ఞాపకాల్లో చెప్పుకున్నాడు. తండ్రి పెద్దకొడుకును గొడ్డును బాదినట్టు బాదేవాడనీ చెప్పుకున్నాడు. ఆ పుస్తకం 2012లో, చార్లీ పోయిన మరుసటి యేడు వచ్చింది.

వాళ్ళ సంగీతానికి మూలం రెండు చోట్ల వుంది. ఒకటి తల్లి నోట విన్న పాత కథాగేయాలు. రెండోది "సేక్రెడ్ హార్ప్" అనే ప్రార్థనాగానం. 1844లో వచ్చిన ఒక పాటల పుస్తకం పేరది. అందులో స్వరాలకు ఆకారాలుంటాయి: ముక్కోణం, గుండ్రం, చదరం, వజ్రం. చదువు అంతగా లేనివాడు కూడా ఆకారం చూసి పాడవచ్చు. పాడేవాళ్ళు నాలుగు వైపులా నాలుగు బారులుగా ఒకరికొకరు ఎదురుగా కూర్చుంటారు. శ్రోతలంటూ ఎవరూ వుండరు, వచ్చినవాడల్లా పాడవలసిందే. మన భజనకూటాలకు దగ్గరగా వుంటుందనవచ్చు, కాకపోతే వాద్యం కూడా వుండదు. గొంతు దాచుకోకుండా, తీపి చేయకుండా, ఉన్నదున్నట్టు బయటికి తోసే పాట అది. ఐరా పై స్థాయి గొంతు అక్కడినుంచి వచ్చిందే. ఇద్దరూ పాడుతుంటే పాదం మధ్యలో ఒకడు పైకి పోతాడు, రెండోవాడు కిందికి దిగుతాడు. ఎవరి గొంతు ఏదో చెప్పలేము. అన్నదమ్ముల రక్తంలో వున్నదంటారు చాలామంది. రక్తంలో ఏమీ వుండదు. చిన్నప్పటినుంచీ చేసిన సాధన అది.

ఈ రికార్డు తయారైన సందర్భం గమనించాలి. ఆ రోజుల్లో కంట్రీ సంగీతమంటే ప్రధానంగా సింగిల్ రికార్డుల వ్యాపారం - ఒక్కొక్క పాట, హోటలు పెట్టెలో నాణెం వేస్తే మోగేది. పన్నెండు పాటలను ఒకే భావం చుట్టూ కూర్చి ఎల్‌.పి.గా ఇవ్వడం ఆ రంగంలో కొత్త సంగతి. అన్నదమ్ములను కంపెనీ మొదట భక్తిపాటలవాళ్ళుగానే తీసుకుంది. నిర్మాత కెన్ నెల్సన్‌ను ఒప్పించి 1955లో లౌకికమైన పాట పాడుకున్నారు. అది నడిచింది. ఆ యేడే నాష్‌విల్ రేడియోలో పేరుమోసిన "గ్రాండ్ ఓల్ ఆప్రీ"లో చోటు దొరికింది. 1956లో ఒక ప్రేమపాట కంట్రీ పట్టికలో మొదటి స్థానానికి పోయింది. అలాంటి ప్రేమపాటలే పన్నెండు కూర్చి వుంటే ఎవరూ కాదనరు. పైగా అది ఎల్విస్ ప్రెస్లీ యేడు. కుర్రకారంతా అటు పోతున్నారు. అటువంటప్పుడు వీళ్ళు వెనక్కి తిరిగి, తల్లి పాడిన చావుపాటలు ఎత్తుకున్నారు. తక్కువ వాద్యాలతో, గిటారూ మాండొలినూ ముందుండేటట్టు పాడారు.

దీన్ని సంప్రదాయవాదమనీ, అందుచేత అభివృద్ధి నిరోధకమనీ నేను ఒకప్పుడు ఒక్క వాక్యంలో తేల్చేసి వుండేవాణ్ణి. బుర్రకథను ప్రజానాట్యమండలి చేపట్టినప్పుడు రూపం పాతదే కదా అని ఎవరైనా గుర్తు చేస్తే, "వస్తువు కొత్తది" అనేవాణ్ణి. ఇక్కడ వస్తువు కూడా పాతదే. అందుకే ఈ రికార్డు నన్ను ఇబ్బంది పెట్టింది.

పన్నెండింటిలో పేరుమోసినది "నాక్స్‌విల్ గర్ల్". చంపినవాడే కథ చెబుతాడు. సాయంకాలం షికారుకు తీసుకుపోయి, దారిలో కర్ర తీసుకుని కొట్టడం మొదలుపెడతాడు. ఆమె మోకాళ్ళ మీద పడి ప్రాణభిక్ష అడుగుతుంది. ఆపడు. యేట్లోకి ఈడ్చి పారేసి అర్ధరాత్రి ఇల్లు చేరుతాడు. బట్టల మీద రక్తమేమిటని తల్లి అడిగితే ముక్కునుంచి కారిందంటాడు. చివరికి జైలు. ఇంత దారుణాన్ని వాళ్ళిద్దరూ పెళ్ళిపాట పాడినంత తీయగా, తొందర లేకుండా పాడతారు. కారులో నా వెన్ను జలదరించింది. మా అమ్మాయి వెనక సీట్లోంచి "ఎందుకు చంపాడు నాన్నా?" అంది.

ఆ ప్రశ్నకు పాటలో జవాబు లేదు. తరవాత వెతుక్కున్నాను. ఈ పాట తాత ఇంగ్లండులో వుంది. మన తిరనాళ్ళలో చిన్న పాటల పుస్తకాలు అమ్మినట్టు అక్కడ ఒంటికాగితం మీద అచ్చువేసి వీధుల్లో అమ్మిన గేయం. "బెర్క్‌షైర్ ట్రాజెడీ" అనేవారు. అందులో హంతకుడు మరలో పనిచేసే కుర్రవాడు. ఆ పిల్ల కడుపుతో వుంది; పెళ్ళి చేసుకోమని ఆమెవాళ్ళు పట్టుపట్టారు. అదీ కారణం. పాట ఆక్స్‌ఫర్డు పిల్లగా, ఐర్లండు పేరుతో వెక్స్‌ఫర్డు పిల్లగా మారుతూ, సముద్రం దాటి టెనెస్సీలో నాక్స్‌విల్ పిల్ల అయింది. కర్ర మిగిలింది, యేరు మిగిలింది, ముక్కు రక్తమనే అబద్ధం కూడా మిగిలింది. కడుపు మాత్రం పోయింది. మర్యాదస్తులెవరో ఆడపిల్ల కడుపు సంగతి నలుగురిలో పాడకూడదని తీసేసి వుంటారని నా వూహ. కారణం పోయేసరికి హత్య దైవఘటన లాగ, వాన లాగ, పిడుగు లాగ అయిపోయింది. సామాజిక వాస్తవం ఒక పాటలోంచి ఎలా జారిపోతుందో చూడాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనపడలేదు.

ఇక్కడ లూవిన్ సోదరులను వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. చచ్చిన పిల్లకు పేరైనా లేదు. మాట్లాడే హక్కు చంపినవాడికే వుంది. ఐరా తాగుబోతు, కోపిష్ఠి. 1963లో భార్య గొంతుకు టెలిఫోను తీగ బిగించబోతే ఆమె తుపాకీతో కాల్చింది, ఎలాగో బతికాడు. ఆ యేడే అన్నదమ్ములు విడిపోయారు. 1965లో మిస్సోరీలో కారు ప్రమాదంలో ఐరా పోయాడు. ఇది తెలిసిన తరవాత ఆ తీయని పై గొంతు వినడం మరొక రకంగా వుంటుంది. కళను కళాకారుడి జీవితంతో కొలవరాదని మన పెద్దలు కొందరంటారు. కొలవకపోయినా చెవిలో పడుతుంది, ఏం చేస్తాం?

అయితే అదే రికార్డులో "ఎ టైనీ బ్రోకెన్ హార్ట్" అనే పాట వుంది. పక్క పొలంవాళ్ళు సామాను సర్దుకుని వెళ్ళిపోతున్నారు. ఇక్కడి ఏడేళ్ళ కుర్రవాడికి అక్కడి చిన్నపిల్ల ప్రాణం. ఆ పొలం మనమే కొందాం నాన్నా, వాళ్ళు పోకుండా వుంటారు అని తండ్రిని బతిమాలుతాడు. తండ్రి దగ్గర డబ్బేది? అంతే కథ. ఇందులో రక్తం లేదు, కత్తి లేదు. పొలం లేని కాపురం ఎంత గాలివాటమో ఏడేళ్ళవాడి నోట చెప్పించారు. ఎదురు తిరగమని చెప్పలేదు. రేపు మంచిరోజు వస్తుందనీ చెప్పలేదు. పత్తి చేలో పెరిగినవాళ్ళకు తెలిసినంతవరకూ చెప్పి వూరుకున్నారు. హత్యల పక్కన ఆ పాటను పెట్టడంలోనే, వాళ్ళకు తెలిసో తెలియకో, పేదవాడి యిల్లు ఖాళీ కావడం కూడా ఒక చావేనన్న మాట వుంది.

ఇప్పుడు నా సంగతి.

ముప్ఫై యేళ్ళకు పైబడింది. మేము నలుగురం కలిసి చుట్టుపక్కల వూళ్ళలో కూలిజనం పాటలు సేకరించి ఒక చిన్న పుస్తకం వేశాం. సంపాదకత్వం నాది. ఒక వూళ్ళో నాట్లు వేసే ముసలమ్మ ఒకామె ఒక పాట పాడింది. అత్తవారింట బాధలు పడలేక పిల్ల బావిలో పడిందంటారు. పడిందో, తోశారో పాట చెప్పదు. ఆ పిల్ల ఆమెకు అక్క కూతురేనట. పాట దిగులుగా మొదలై దిగులుగానే ముగుస్తుంది. నేను చివరి రెండు చరణాలూ కొట్టేసి, వాటి చోట నా సొంత చరణం ఒకటి రాశాను: వూరు వూరంతా లేచి ఆ యింటిముందు నిలబడి జవాబు అడిగినట్టు. ఛందస్సు సరిగా కుదిరింది. నాకు గర్వంగా కూడా వుండింది.

పుస్తకం ఆవిష్కరణ ఆ వూళ్ళోనే పెట్టాం. మా గాయకుడు పాట పాడుతుంటే జనం చప్పట్లు కొట్టారు. ముసలమ్మ ముందు వరసలో కింద కూర్చుని వింది. అయిపోయిన తరవాత దగ్గరకొచ్చి "బాగా పాడాడయ్యా. ఎవురి పాట అది?" అంది.

"నీ పాటే కదమ్మా."

"మా పిల్ల పాటంటావా? వూరు లేచిందా? ఎప్పుడు లేచిందయ్యా? నేనాడనే వున్నాగా."

వెటకారం కాదు. నిజంగానే, తాను లేనప్పుడు ఏదైనా జరిగిందేమోనన్నట్టు అడిగింది. నేను ఏదో చెప్పాను - ఆశ గురించి, రేపటి గురించి. ఆమె తల వూపి వెళ్ళిపోయింది. మిత్రులతో చెప్పి నవ్వుకున్నాం కూడా.

అమెరికా నుంచి తిరిగొచ్చిన తరవాత ఆ వూరు వెళ్ళాను. ఆమె పోయి చాలాకాలమయింది. ఆ పాట ఎవరికైనా వచ్చా అని అడిగితే, "ఎందుకు రాదు సార్" అని ఇద్దరమ్మాయిలు ముందుకొచ్చారు. చక్కగా పాడారు. చివర వూరు లేచింది, జవాబు అడిగింది. నా చరణం ఒక్క అక్షరం పొల్లుపోలేదు. బడిలో మాస్టారు మా పుస్తకంలోంచే నేర్పారట. పాతది ఎలా ముగిసేదో ఎవరికీ తెలియదు. నాట్లకు యంత్రాలొచ్చాయి, గుంపుగా పాడుకునే పనీ తగ్గిపోయింది. ఒక పెద్దావిడ మాత్రం "వేరేగా వుండేది, గుర్తు లేదు" అంది.

సేకరణ నోటుపుస్తకాలు మా పాత యింట్లో చెదలు తిన్నాయి. టేపు మీద ఎక్కించుకునే స్తోమత అప్పుడు మాకు లేదు. కొట్టేసిన రెండు చరణాల్లో మొదటిది నాకు బొత్తిగా గుర్తు రావటం లేదు. రెండోదాని మాటలు పోయాయి గాని సంగతి గుర్తుంది. పిల్ల శవాన్ని తీసిన మర్నాడు వాళ్ళ వాడవాళ్ళంతా ఆ బావి దగ్గరికే కడవలు పట్టుకుని వస్తారు. తల్లి కూడా వస్తుంది. వాళ్ళను నీళ్ళు తోడుకోనిచ్చే బావి మరొకటి లేదు.