పన్నైపురం అన్నదమ్ములు, ఒక వయొలిన్

ఈ రాత్రి మళ్లీ ‘హౌ టు నేమ్ ఇట్?’ పెట్టుకున్నాను. 1986లో వచ్చిన ఇళయరాజా ఆల్బమ్. ఆయన పుట్టిన పన్నైపురం, మా చిన్నమనూరు రెండూ ఉత్తమపాళయం తాలూకాలోవే.

రాక్ బ్యాండ్లలో ఒకరు పోయి ఇంకొకరు వచ్చే కథలంటే నాకు ప్రాణం. ఏసీడీసీ గాయకుడు బాన్ స్కాట్ 1980 ఫిబ్రవరిలో చనిపోతే, కొత్త గొంతు బ్రయన్ జాన్సన్‌తో జులైకల్లా ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ వచ్చేసింది. మా వైపు పన్నైపురం అన్నదమ్ముల బృందానికి మాత్రం అలాంటి మలుపుకు చాలా ఏళ్లు పట్టింది. ఇళయరాజా అన్న పావలర్ వరదరాజన్ కమ్యూనిస్టు సభల్లో పాడుతూ ఊరూరా తిరిగేవారు. తమ్ముడు రాసయ్య, అంటే మన రాజా, పద్నాలుగేళ్లకే ఆయన వెంట నడిచాడు. తర్వాత ముగ్గురు తమ్ముళ్లూ, భాస్కర్, రాజా, అమర్, మద్రాసు చేరారు. అక్కడ రాజాకు ధన్‌రాజ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య సంగీతం, జి.కె. వెంకటేశ్ దగ్గర సహాయకుడి పని. 1973లో అన్న కన్నుమూశారు. రాజా సంగీతం ఇచ్చిన సినిమా ‘అన్నక్కిళి’ 1976లో వచ్చింది. ఆ విజయం వరదరాజన్ చూడలేదని తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

మరో పదేళ్లకు ఈ ఆల్బమ్. ఇందులో అన్నదమ్ముల గొంతుల చోట వి.ఎస్. నరసింహన్ వయొలిన్ ముందుకొచ్చి నిలబడింది. అంకితం త్యాగరాజుకూ బాక్‌కూ. త్యాగరాజు తమిళనాట తిరువయ్యారులో ఉండి తెలుగులో పాడుకున్నవాడు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మాకు ఆయన సొంత మనిషే అనిపిస్తాడు.

‘ఐ మెట్ బాక్ ఇన్ మై హౌస్’లో బాక్ వయొలిన్ పార్టీటా పరుగందుకుంటుంది, దాని చుట్టూ రాజా తీగలు అల్లుకుంటాయి. అక్కడికొచ్చాక వెనక్కి తిప్పి మళ్లీ వింటాను.