నాయనమ్మ క్యాసెట్టూ, నలభై పోగుల తీగా

మా ఇంట్లో కొట్టు వెనకాల ఉన్న గదిని ఇప్పటికీ "రికార్డుల గది" అనే అంటాం. నిజానికది సరుకు దింపుకునే గది. 1980లలో నాన్నగారు స్టీరియో కొన్నప్పుడు బస్తాలు పక్కకి జరిపించి, గోడవారగా ఒక బల్ల వేయించారు. బల్ల మీద ఆంప్లిఫయరు, పక్కన రికార్డు ప్లేయరు, కింద అరలో క్యాసెట్ డెక్కు. ఆ మూలా ఈ మూలా రెండు స్పీకర్లు, కలకత్తాలో తయారైన సోనోడైన్‌వి. మూటలెత్తేవాళ్ళు కూడా ఆ గదిలోకి వచ్చేముందు గొంతు తగ్గించేవారు.

బిస్సమ్ కటక్‌ని మా పెద్దవాళ్ళు "బిస్సం కటకం" అనేవారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లా కిందే ఉండేది. తాతగారు వచ్చింది అప్పటికి ఇంకా కొన్నేళ్ళ ముందు. విజయనగరం–రాయపూర్ రైలు లైను 1931లో పూర్తయింది. ఆ రైలు పట్టుకునే చింతపండు, పసుపు, అడ్డాకుల వ్యాపారానికి పార్వతీపురం వైపు నుంచి వచ్చారని ఇంట్లో చెప్పుకుంటాం. "పార్వతీపురం వైపు" అంటే ఏ ఊరు? అదే మాకు తెలీదు. తాతగారు త్వరగా పోయారు. నాన్నగారు అడగలేదు. మేము అడిగే వయసుకి వచ్చేసరికి చెప్పేవాళ్ళు లేరు.

ఇది చిన్న సంగతిలాగే ఉంటుంది, పెళ్ళి సంబంధాలు మొదలయ్యేదాకా. "మీ సొంతూరేదండీ?" అని అవతలివాళ్ళు అడగడం, మేము "ఒరిస్సా అండి" అనడం, "అది కాదు, అసలు ఊరు?" అని వాళ్ళు మళ్ళీ అడగడం. బయట స్థిరపడ్డ మన కుటుంబాలన్నిటికీ ఈ ప్రశ్న తగిలే ఉంటుంది. మేము మాత్రం ప్రతిసారీ మంచినీళ్ళ గ్లాసు అందుకుని మాట మార్చేవాళ్ళం.

ఇంట్లో ఒక క్యాసెట్టు ఉంది. 1987లో చిన్నాన్న టూ-ఇన్-వన్ పెట్టి నాయనమ్మ చేత పాడించి పట్టాడు. ఒక పక్క మంగళహారతులు, జోలపాటలు. రెండో పక్క పాటలు అయిపోయాక ఆవిడ మాటలు: పెళ్ళయి తాతగారి ఊరికి కాపరానికి వెళ్ళడం, అక్కణ్ణుంచి బండి కట్టుకుని స్టేషనుకి రావడం, మొదటిసారి రైలెక్కడం, ఇక్కడ దిగేసరికి చుట్టూ కొండలు చూసి ఏడవడం. ఊరి పేరు అందులో ఉండి తీరాలి. కానీ మా డెక్కులో పెడితే "బూంమ్" అని ఒకటే రొద. ఆ రొద కింద ఆవిడ గొంతు నూతిలోంచి వస్తున్నట్టు ఉండేది. క్యాసెట్టు పాడైపోయిందనుకుని ఏళ్ళ తరబడి డబ్బాలో పెట్టేసాం.

కిందటి దసరాకి అందరం కలిసినప్పుడు ఆ డబ్బా మళ్ళీ బయటికి వచ్చింది. బెంగుళూరు బావగారికి పాటల పిచ్చి, పరికరాల పిచ్చి రెండూ ఉన్నాయి. ఆయన బల్ల వెనకాలకి వంగి చూసి, "ఇన్నాళ్ళూ ఈ తీగలతో ఎలా విన్నారండీ? ఇవన్నీ తీసి పారేసి మంచి కేబుళ్ళు వేయాలి" అన్నారు. తమ ఇంట్లో వేసుకున్నవి మీటరు మూడు వేలట. రెండు స్పీకర్లకీ గోడ చుట్టూ తిప్పి తీసుకెళ్ళాలంటే ఒక్కోదానికి ఎనిమిది మీటర్లు. మొత్తం నలభై ఎనిమిది వేలు.

అమ్మ వంటింట్లోంచి అంది, "ఏటర్రా, తీగకి నలభై ఎనిమిది వేలేటి? ఆ డబ్బెడితే ఇంట్లో ఆడపిల్లలందరికీ పట్టీలొస్తాయి."

మేము రెండు పక్షాలయ్యాం. నాయనమ్మ గొంతుకంటే డబ్బెక్కువా అని సగం మంది, తీగలో ఏముంటుంది అని సగం మంది. చివరికి తేలింది ఏమిటంటే, రెండు పక్షాలవాళ్ళమూ తప్పే. తీగలో ఏమీ లేకపోలేదు. అయితే నలభై ఎనిమిది వేలు పెట్టాల్సినది ఏమీ లేదు.

స్పీకరు తీగ సంగతి ముందు చెప్తాం. స్పీకరుకి వెళ్ళే తీగలో చూడాల్సిందల్లా అది ఎంత లావు, ఎంత పొడవు, అసలు రాగేనా కాదా అన్నది. మన ఎలక్ట్రికల్ కొట్లలో జంట తీగని 14/76, 23/76, 40/76 అని అమ్ముతారు. మొదటి అంకె పోగుల లెక్క, రెండోది ఒక్కో పోగు మందం, అంగుళంలో పదివేల వంతుల్లో. మా గోడల వెంబడి ఉన్నది 14/76. అంటే అంతా కలిపి 0.41 చదరపు మిల్లీమీటర్ల రాగి. ఎనిమిది మీటర్ల దూరమంటే పోను రాను పదహారు మీటర్లు. లెక్క కడితే దాని నిరోధం 0.67 ఓములు దాకా వచ్చింది. తీగ నిరోధం స్పీకరు ఓముల్లో ఇరవయ్యో వంతు దాటకూడదని ఒక లెక్క ఉంది. మావి ఎనిమిది ఓముల స్పీకర్లు, కాబట్టి హద్దు 0.4. పాత తీగ హద్దు దాటింది, నిజమే. అదే 40/76 వేస్తే పావు ఓము, సరిపోయింది. దానికి మించి లావు వేస్తే ఎలకలకి బలం తప్ప మనకేం లాభం లేదు.

ఆక్సిజన్ లేని రాగి అని పెట్టెల మీద పెద్ద అక్షరాలతో రాస్తారు. మామూలు కరెంటు రాగి కూడా 99.9 శాతం స్వచ్ఛమైనదే. రెండింటికీ విద్యుత్తు పారడంలో తేడా ఒక శాతం కూడా ఉండదు. భయపడాల్సింది దానికి కాదు, రాగి పూత వేసిన అల్యూమినియానికి. మా తమ్ముడు ఉత్సాహం కొద్దీ ముందే ఒక చుట్ట తెప్పించాడు. పారదర్శకమైన తొడుగులో లావుగా, బంగారు తీగలా మెరిసిపోతోంది. చేతిలోకి తీసుకుంటే దూదిలా తేలిక. ఒక పోగు లాగి బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపించింది. అల్యూమినియం రాగితో పోలిస్తే అరవై శాతమే కరెంటు పారనిస్తుంది, పైగా నాలుగుసార్లు వంచితే విరుగుతుంది. మీరు కొనేటప్పుడు కూడా మొహమాటపడకుండా కొట్లోనే గీకి చూడండి.

రాయగడలో 40/76 కొని తెచ్చాం. ఖర్చు వెయ్యి రూపాయలు దాటలేదు. ఈ జంట తీగలో రెండూ ఒకే రంగు. ఏది ప్లస్సో ఏది మైనస్సో తారుమారైతే ఒక స్పీకరు ముందుకి తోస్తున్నప్పుడు రెండోది వెనక్కి లాగుతుంది. మృదంగం బరువు పోయి, గొంతు గదిలో ఎక్కడా నిలవదు. దీనికి చిన్నాన్న ఒక పాత కిటుకు చెప్పాడు. గడియారంలో వేసే పెన్సిల్ సెల్లుని తీగ ఈ చివర ఒక్క క్షణం తాకించాలి. అవతల స్పీకరు కాగితం ముందుకి గెంతితే, సెల్లు బొడిపె తగిలినదే ప్లస్సు. పిల్లలకి ఈ పని తెగ నచ్చి సాయంత్రం దాకా అదే పని, స్పీకర్లు ఏమవుతాయోనని మేము హడిలిపోయాం.

బావగారు ఒప్పుకోలేదు. తమ వెంట మూడు మీటర్ల జత ఒకటి తెచ్చారు. సరే, పరీక్ష పెట్టుకుందామన్నాం. స్పీకర్లు దగ్గరకి లాగి, బల్లకి దుప్పటి అడ్డం కట్టి, మేనకోడలు వెనకాల కూర్చుని బొమ్మాబొరుసూ వేసి తీగలు మార్చింది. ఘంటసాల భగవద్గీత రికార్డులో ఒకే చోటు, పన్నెండుసార్లు. బావగారు ఏడుసార్లు సరిగ్గా చెప్పారు. కళ్ళు మూసుకుని చెప్పినా ఆరు వస్తాయి కదా. అమ్మ పన్నెండుసార్లూ "గొంతు బాగుంది" అంది. బావగారు మంచి మనిషి, నవ్వేసారు. కానీ ఆ తీగ మళ్ళీ జాగ్రత్తగా చుట్టి సూట్‌కేసులో పెట్టుకున్నారు.

ఇంత చేసినా క్యాసెట్టు పెడితే మళ్ళీ అదే బూంమ్.

స్పీకరు తీగలో వెళ్ళేది బలమైన కరెంటు, దానికి బయటి రొద అంటదు. డెక్కు నుంచి ఆంప్లిఫయరుకి వెళ్ళేది మాత్రం వోల్టులో చిన్న వంతు. రికార్డు ప్లేయరు ముల్లు నుంచి వచ్చేదైతే ఇంకా అల్పం, ఐదు మిల్లీవోల్టులు. అంత సన్నటి మాటకి దారిపొడవునా గొడుగు పట్టాలి. అందుకే ఆ తీగల్లో మధ్య పోగు చుట్టూ రాగి వల అల్లి ఉంటుంది. ఆ వల లేకపోతే పక్కనున్న కరెంటు వైరు రొద, అంటే సెకనుకి యాభైసార్లు ఊగే మన మెయిన్సు, నేరుగా పాటలోకి దూరిపోతుంది.

డెక్కు తీగ ఆంప్లిఫయరు నుంచి పీకాం. రొద ఆగిపోయింది. అంటే ఆంప్లిఫయరు మంచిదే. మళ్ళీ పెట్టి తీగని చేత్తో పట్టుకు అటూ ఇటూ జరిపితే రొద పెరుగుతోంది, తగ్గుతోంది. తొడుగు కోసి చూసాం. వల లేదు. ఎప్పుడో ఎలక కొరికితే ఒక మెకానిక్కు కాలింగ్ బెల్లుకి వేసే జంట తీగ అతికించి పోయాడు. అది బల్ల వెనక కరెంటు వైరుతో జడలా అల్లుకుని ఉంది. ఇన్నేళ్ళూ మేము నాయనమ్మ క్యాసెట్టుని తిట్టుకున్నాం!

కొత్త తీగ తెప్పించడంలో ఇంకో తిప్పలు. మా డెక్కుకి ఉన్నది ఐదు పుల్లల పాతకాలపు డిన్ సాకెట్టు, ఇప్పటి ఆర్‌సీఏ జాక్‌లు కావు. తెప్పించిన రెడీమేడ్ తీగ పెడితే అసలు శబ్దమే లేదు. డెక్కులో పాట బయటికొచ్చేది మూడు, ఐదు పుల్లల మీద, ఒకటి, నాలుగు రికార్డింగు లోపలికి వెళ్ళే దారి, రెండోది ఎర్త్. ఆ తీగ ఒకటి, నాలుగుకి అతికించినది. మేనల్లుడు ప్లగ్గు విప్పి సోల్డరింగ్ ఐరన్‌తో మార్చి కట్టాడు. సాకెట్లకి మా వానలకి చిలుం పట్టేసింది. అమ్మ చింతపండు తేబోయింది, ఇత్తడి బిందెలకి లాగా. వద్దని చెప్పి మందుల కొట్లో స్పిరిట్టు తెచ్చి దూదితో తుడిచాం. డెక్కు లోపల టేపు రాసుకునే హెడ్డు కూడా తుడిస్తే దూది నల్లగా వచ్చింది.

కొత్త తీగని కరెంటు వైర్లకి దూరంగా, దాటాల్సిన చోట అడ్డంగా దాటించాం. మోగించుకుంటూ లాప్‌టాప్‌లోకి కూడా ఎక్కించాలని చూస్తే, ఛార్జరు పెట్టగానే సన్నటి రొద వచ్చింది. ఛార్జరు పీకేసి బ్యాటరీ మీద నడిపితే పోయింది.

రాత్రి తొమ్మిదికి, కొట్టు కట్టేసాక, ఫ్యాను కూడా ఆపి, రెండో పక్క పెట్టాం. సన్నగా టేపు బుస, తరవాత నాయనమ్మ. పక్కన కూర్చుని ఒత్తులు చేస్తూ మాట్లాడుతున్నట్టే ఉంది. "అప్పుడు నాకు పన్నెండేళ్ళు, ఏటి తెలుసు" అంటోంది. వెనకాల ఎవరో చేట చెరగడం వినిపిస్తోంది. మా పిల్లలు బడిలో చదివేది ఒడియా. తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటారు. ఆ యాసకి ముందు నవ్వారు, తరవాత ఊరుకున్నారు. చిన్నాన్న గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

తాతగారి ఊరి నుంచి బండి కట్టిన సంగతి వచ్చింది. ఊరి పేరు చెప్పింది. సరిగ్గా అదే క్షణంలో గూడ్సు బండి కూత! 1987లో మా స్టేషను నుంచి వెళ్ళిన ఏదో గూడ్సు. మొదటి రెండక్షరాలు దాని కింద నలిగిపోయాయి, చివర మాత్రం స్పష్టంగా "వలస" అని ఉంది. తీగ వల్ల వచ్చిన రొదని తీగ మార్చి తీసేయగలం గాని, టేపులోనే పడిన కూతని ఏ కేబులూ తీయలేదు. ఇరవైసార్లు విన్నాం. చిన్నాన్నకి "రావి" అనిపిస్తోంది, అమ్మకి "దేవి" అనిపిస్తోంది. బావగారు బెంగుళూరులో సాఫ్ట్‌వేరు పెట్టి కూతని పలచన చేస్తానని ఆ ఫైలు పట్టుకెళ్ళారు.

మన ఉత్తరాంధ్రలో పేరు చివర వలస ఉన్న ఊళ్ళకి లెక్కేముంది, కొత్తవలస ఒక్కటేనా. వేరే చోటు నుంచి వచ్చి కట్టుకున్న ఊళ్ళు అవన్నీ. అంటే తాతగారి ముందువాళ్ళు కూడా ఎక్కడినుంచో ఆ ఊరికి వచ్చినవాళ్ళే అయి ఉంటారు. ఈ సంక్రాంతికి పార్వతీపురంలో దిగి, చుట్టుపక్కల వలసలన్నీ తిరుగుదామని అనుకున్నాం. ఆ వైపు "-వలస" ఊళ్ళు తెలిసినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, రైలు స్టేషనుకి ఎడ్లబండి మీద ఒక పూటలో రాగలిగే ఊళ్ళ పేర్లు మాకు రాయండి. పిన్ని అప్పుడే టిక్కెట్ల సంగతి అడుగుతోంది.

మిగిలిన నాలుగు మీటర్ల 40/76ని అమ్మ పెరట్లో బట్టలారేసుకోడానికి కట్టేసింది.