రామనగర్ నుంచి చింతపల్లి దాకా

చోడవరంలో చెరకు బకాయిల కోసం రైతులు రోడ్డెక్కినప్పుడు నేను డిమాండ్ల కన్నా వాళ్ల మాటతీరునే ఎక్కువ గమనిస్తాను. ఓసారి ధర్నాలో కుర్రాళ్లు ఆగివున్న బస్సు మీదికి ఆవేశంగా కదిలారు. చేతిలో చెరకుగడతో ఒక పెద్దాయన అడ్డం నిలబడి, "అందులో కూకున్నోళ్లు మనోళ్లేరా, ఆళ్లకి మన గోడు చెప్పండి" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఎదుటివాళ్లు మనవాళ్లయిపోయారు.

స్వాతంత్ర్యోద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య చీరాలలో చేసిందీ ఇలాంటిదే, ఎంతో పెద్ద ఎత్తున. చీరాల, పేరాలలను మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచితే, 1921లో దాదాపు 13 వేల మంది ఇళ్లు వదిలి ఊరి బయట పాకలు వేసుకున్నారు. ఆ పాకల ఊరు రామనగర్. వాలంటీర్లు రామదండు. ఎడింబరోలో చదివొచ్చిన మనిషి జనానికి రాజకీయ సిద్ధాంతాలు పక్కనపెట్టి రామకథ అందించాడు. ఊరు విడవడం వనవాసమైంది, బాధ వ్రతమైంది. సర్కారు ఆయన్ని జైల్లో పెట్టినా జనం పదకొండు నెలలు ఎండకూ వానకూ ఓర్చారంటే, ఆ పేర్ల బలం సామాన్యం కాదని నా నమ్మకం.

అయితే మాట ఒక్కటే చాలదు. మా పక్క మన్యంలో అల్లూరి సీతారామరాజు కూడా మొదట మద్యం మానమని, ఖద్దరు కట్టమని చెప్పినవాడే. అలాంటివాడే చివరికి 1922 ఆగస్టులో చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడికి దిగాడు. అడవి చట్టాలూ వెట్టిచాకిరీ నలిపేస్తున్న మనుషులకు ఓర్పు చెప్పాలంటే, వాళ్ల గోడు వినే అధికారి ఒక్కడైనా ఉండాలి కదా!