కాలువగట్టు మీద మళ్ళీ ఒకసారి

ఆలూరులో బస్సు మారి హాలహర్వి చేరేసరికి ఎండ చురుక్కుమంటోంది. అరుగుమీద కూర్చున్న నా బాల్యమిత్రుడు లేచి వచ్చి, "ఏమప్పా అయ్యోరి కొడుకా, దోవ తప్పి వచ్చినావా?" అన్నాడు. మా నాన్నగారు ఆ బడిలో పనిచేసింది నాలుగేళ్ళే. అయినా ఆ ఊరికి నేనీనాటికీ అయ్యోరి కొడుకునే!

కాఫీ త్రాగి కాలువ చూడబోయాం. హొస్పేట దగ్గర ఆనకట్టలో బయలుదేరి, బళ్ళారి సీమ చుట్టి, 300 కిలోమీటర్లకు పైగా సాగే తుంగభద్ర దిగువ కాలువ అది. ఆనకట్ట నుంచి కాలువలకు నీరు వదలిందీ, ఆంధ్రరాష్ట్రం ఏర్పడిందీ 1953 లోనే. అప్పుడే ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లా నుంచి విడివడి కర్నూలులో చేరాయి. సరిహద్దు గీశారు గాని, మాటలు దాన్ని ఖాతరు చేయలేదు. నాతో తెలుగులో మాట్లాడుతూనే మా వాడు ఎదురైన వారిని కన్నడంలో పలకరిస్తున్నాడు.

గట్టుమీద కంపచెట్లు తప్పించుకుంటూ నడిచాం. నీళ్ళు నిండుగానే పారుతున్నాయి.

"మీ చేనికి వస్తున్నాయా?" అన్నాను.

"వస్తాయి. పైనోళ్ళు మోటార్లు ఆపినపుడు."

అతని చేను పిల్లకాలువ చిట్టచివర. కొడుకూ కోడలూ సుగ్గికి గుంటూరు వైపు మిరపకోతలకు వెళ్ళారట. కాలువ పక్కనే ఉన్న ఊరునుంచి వలసలేమిటని పట్నవాసులకు అనిపించవచ్చు. కాని పూడిక పడి పడి, మొదట 133 టి.ఎం.సి.లు పట్టిన జలాశయం ఇప్పుడు 105 చిల్లర మాత్రమే పడుతోంది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. వారం తిరగకముందే ఇనుప పలకలు దించి నీటిని ఆపారు. "ఆ వారం నిద్రలేదప్పా. నీళ్ళు పోయే సద్దు ఈడికే ఇనపడినట్లుండె" అన్నాడు.

తూము దగ్గర ఇద్దరమూ ఆగాం. తొమ్మిదేళ్ళప్పుడు నేను అక్కడే జారి పడితే, జుట్టు పట్టి ఒడ్డుకు లాగినవాడు ఇతనే. నా ఇత్తడి గిన్నె మాత్రం నీళ్ళపాలయింది. కాలువకు వెళ్ళామంటే నాన్నగారి బెత్తం ఖాయం గనుక, గిన్నె ఏమయిందో తెలియదన్నాను. అమ్మ అనుమానం ఇతనిమీదికి పోయింది. మళ్ళీ మా గడప తొక్కనివ్వలేదు. నేను నోరు విప్పలేదు. నెల తిరగకుండానే నాన్నగారికి బదిలీ అయింది.

ఆ సంగతి ఎత్తబోయి, తడబడ్డాను.

"గిన్నె సంగతే గదా? మూడోనాడు తూము కింద దొరికె. తెచ్చిస్తామంటే, దొంగే తెచ్చినాడంటారని భయం. అంతలో మీరు పోతిరి."

ఇంటికి రాగానే అటకమీంచి తీయించాడు. ఒకవైపు సొట్టపడింది. అంచున చెక్కించిన అమ్మ పేరు ఇంకా చదవవస్తోంది.

"తీసుకపో, మీదే గదా."

వాళ్ళావిడ చేత దానినిండా మజ్జిగ పోయించుకుని త్రాగి, గిన్నె అక్కడే ఉంచి బస్సెక్కాను.