మందూ, గుండూ, కాస్త నిదానం

ఇంట్లో తూటాలు చేసుకోవడం ఒక వ్యాపకమంటే మా ఊళ్ళో ఎవరూ నమ్మరు. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఆ పని చేస్తే నేరం. నేనుంటున్న టెక్సాస్‌లో సొంత వాడకానికైతే లైసెన్సు అక్కరలేదు, అమ్మదలిస్తేనే కావాలి. గురి సాధన చేసేవారు పేల్చిన ఇత్తడి గొట్టాలను ఏరి దాచుకుంటారు. తూటాలో మళ్ళీ పనికొచ్చేది ఆ గొట్టమొక్కటే. దానికి కొత్త ప్రైమరు, మందు, గుండు సమకూరిస్తే తిరిగి తూటా అవుతుంది. మందుగుండు అనే మాటను విడదీసి బల్లమీద పరచినట్టుంటుంది ఆ సరంజామా.

మొదట్లో నాది ఒక విడతకు ఒకే పని చేసే ప్రెస్సు. ఏభై గొట్టాలనూ సరిచేసి, ప్రైమర్లు ఎక్కించి, చెక్కదిమ్మెలో నిలబెట్టి మందు పోసి, దీపం పట్టి అన్నింటిలోకీ ఒకసారి తొంగిచూసి, ఆ తరవాతే గుండ్లు బిగించేవాణ్ణి. ఏభై తూటాలకు ఒక సాయంత్రం పట్టేది. 2020లో అంగళ్ళలో తూటాలు కరువైనప్పుడు ఆశపడి ప్రోగ్రెసివ్ ప్రెస్సు కొన్నాను.

దీని పద్ధతి బంతిలో వడ్డన వంటిదే, కాకపోతే ఇక్కడ విస్తళ్ళే కదులుతాయి. గుండ్రని పళ్ళెంలో గొట్టాలు నిలబడి ఉంటాయి. మీట లాగితే ఒకచోట పాత ప్రైమరు ఊడుతుంది, ఇంకొకచోట మందు పడుతుంది, మరొకచోట గుండు దిగుతుంది, చివర మూతి బిగుస్తుంది. అన్నీ ఆ ఒక్క లాగుడులోనే. డిల్లన్ 750, హార్నడీ లాక్-ఎన్-లోడ్ ఏ.పీ. వంటి వాటిలో పళ్ళెం తనంతట తానే తిరుగుతుంది. నాది చేత్తో తిప్పే రకం, నాలుగు స్థానాలది.

మా పక్కింటి పెద్దాయన ఈ పనిలో తల నెరసినవాడు. మొదటి నెలంతా పళ్ళెంలో ఒక్క గొట్టమే పెట్టి, దాన్ని నాలుగు స్థానాలూ తిప్పి, బయటికి తీశాకే రెండోది పెట్టమన్నాడు. మందును కూడా ప్రతి పదింటికీ తూచి చూడమన్నాడు. నేను మూడు రోజులు విన్నాను.

నాలుగో రోజు పళ్ళెం నిండా గొట్టాలు పెట్టి పని సాగిస్తుండగా ఇంటినుంచి అమ్మ ఫోను. మీట పైకి రానిచ్చి, మాట్లాడి వచ్చాను. పళ్ళెం తిప్పానా లేదా? నాలుగు స్థానాల్లోనూ గొట్టాలున్నాయి, మూడోదాని మీద గుండూ ఉంది. అన్నీ సిద్ధంగానే కనిపించడంతో మీట లాగేశాను. చాలాసేపయ్యాక అనుమానం పుట్టింది. అప్పటికి డబ్బాలో ముప్ఫై ఎనిమిది తూటాలు కలిసిపోయి ఉన్నాయి.

అవి .38 స్పెషల్. 1898లో నల్లమందు కోసం రూపొందిన గొట్టం కనుక లోపల చోటెక్కువ. ఈనాటి పొగలేని మందు త్వరగా మండే రకమైతే నాలుగైదు గ్రెయిన్లే పడుతుంది. గ్రెయిన్ అంటే పౌనులో ఏడువేలవ వంతు, మన కంసాలి గురిగింజ ఎత్తులో సుమారు సగం. అది అడుగున ఎక్కడో ఉంటుంది. రెండుసార్లు పడినా పొంగదు, పొర్లదు. పేల్చినప్పుడు మాత్రం తుపాకి చేతిలోనే పగలవచ్చు. మందు అసలే పడకపోవడమూ ప్రమాదమే: ప్రైమరు బలానికి గుండు గొట్టంలో సగం దాకా వెళ్ళి ఇరుక్కుంటుంది, తెలియక దాని వెనకాల ఇంకొకటి పేలిస్తే గొట్టం చీలుతుంది.

తూకం వేసి పట్టుకుందామంటే కుదరదు. రకరకాల కంపెనీల ఇత్తడి గొట్టాల మధ్య తేడాయే మందు బరువును మించిపోతుంది. తూటాను సుత్తివంటి పనిముట్టులో బిగించి, నేలకేసి కొట్టి, గుండు ఊడదీయడమొక్కటే దారి. ఇరవై మూడోదానిలో మందు రెట్టింపు ఉంది. దాన్ని అరచేతిలో పోసుకుని చాలాసేపు కూర్చున్నాను.

మా తాతకు వేరుశెనగ చేలో పందుల కాపలాకు లైసెన్సున్న నాటు తుపాకి ఉండేది. మందు పోసేముందు ప్రతిసారీ దట్టించే కడ్డీని ఖాళీ గొట్టంలోకి జారవిడిచేవాడు. కడ్డీ మీది గాటు మూతి దగ్గరికి వస్తే ఖాళీ, పైకి నిలిస్తే లోపల ఏదో ఉన్నట్టు. నిన్న తానే పేల్చి కడిగిన తుపాకికి ఈ పరీక్ష ఎందుకని నేను నవ్వేవాణ్ణి.

ఇప్పుడు నా ప్రెస్సుకు పైన చిన్న దీపం ఉంది. గుండు పెట్టేముందు ప్రతి గొట్టంలోకీ చూస్తాను. మధ్యలో లేవవలసి వస్తే పళ్ళెం మొత్తం ఖాళీ చేసి, మందు తిరిగి సీసాలో పోసి, మొదటినుంచి మొదలుపెడతాను. బల్లమీద ఒకే రకం మందు ఉంటుంది. ఫోను వంటింట్లో ఉంటుంది. గంటకు కొన్ని వందలు చేయగల యంత్రం నా చేతిలో వందకు మించదు.

ఆ సాయంత్రమే పెద్దాయన దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. కోప్పడలేదు. మిగిలిన పదిహేను కూడా విప్పావా అని మాత్రం అడిగాడు. దొరికింది కదా, ఇంకెందుకు అన్నాను. ఒకటి దొరికితే రెండోది లేదని ఎవరు చెప్పారన్నాడు.

ఇంటికి వచ్చి అవీ విప్పాను. వాటిలో ఏమీ లేదు.