తాత్కాలిక అనుమతి

చాలా రోజులుగా రాయాలనుకుంటూ వాయిదా వేస్తున్న సంగతి ఇది.

అమీర్‌పేటలో 1998లో కోబాల్, జేసీఎల్ నేర్చుకున్న వేలమందిలో నేనూ ఒకణ్ణి. ఉద్యోగంలో చేరిన రెండో ఏట, ఒక నైట్ షిఫ్టులో, నా జాబు పక్కన పెట్టవలసిన ‘సి’ అక్షరాన్ని పై వరుసలో పెట్టాను. సి అంటే క్యాన్సిల్. ఎవరివో జీతాల లెక్కలు మధ్యలో ఆగిపోయాయి. మర్నాడు మేనేజరు నన్ను తిట్టలేదు. “ఇతనికి ఆ కమాండు ఎవరిచ్చారు?” అని మాత్రం అడిగారు. ఎవరూ ఇవ్వలేదు. ఎవరూ వద్దనలేదు, అంతే.

కొన్నేళ్ళకు ఆ తలుపులు మూసే పని నా మీదే పడింది. మెయిన్‌ఫ్రేమ్‌కు కావలివాడు ర్యాక్‌ఎఫ్. ఐబీఎం 1976లో తెచ్చింది. అందులో ఆపరేటరు కమాండులకు వేరే తరగతి ఉంది. ఊరికే చూసే డిస్‌ప్లేకు రీడ్ చాలు, క్యాన్సిల్‌కు అప్‌డేట్ కావాలి, ఫోర్స్‌కు కంట్రోల్ కావాలి. అందరికీ ఒక్కసారే ‘నన్’ అని రాసేస్తే తెల్లారేసరికి ఏం కూలుతుందో చెప్పలేం. అందుకే వార్నింగ్ పద్ధతి ఉంది: హక్కు లేనివాణ్ణి ఆపదు, ‘తాత్కాలికంగా అనుమతించడమైనది’ అని ఇంగ్లీషులో ఒక వరుస రాసి వదిలేస్తుంది.

మూడు వారాలు ఆ వరుసలు చదివాను. నాకన్న పాతికేళ్ళు పెద్దవాడైన ఒక ఆపరేటరు ప్రతి ఆదివారం తెల్లవారుజామున ఒకే జాబును క్యాన్సిల్ చేస్తున్నారు. వెళ్ళి అడిగాను. ఎప్పుడో రావడం మానేసిన ఫైలు కోసం అది కాచుకు కూర్చుంటుందట. చంపకపోతే సోమవారం పనులు కదలవు.

“ఎవరికీ చెప్పలేదా సార్?”

“రెండుసార్లు చెప్పాను బాబూ. తర్వాత చెప్పడంకన్న చెయ్యడమే తేలికనిపించింది.” కాసేపాగి, “అయితే మూడు వారాలుగా నా పేరు రాసుకుంటున్నావన్నమాట” అన్నారు.

“అందరి పేర్లూ సార్,” అన్నాను. నిజమే, కానీ ఆయన ముఖం చూస్తూ అనలేకపోయాను.

వార్నింగ్ తీసేసిన రోజు, ఆ ఒక్క జాబును క్యాన్సిల్ చేసే హక్కు ఆయన పేర రాశాను. ఆ జాబునే తీసెయ్యమని నేనూ రెండుసార్లు చెప్పాను. ఎవరూ తియ్యలేదు.

ఆయన రిటైరైన సాయంత్రం పూలదండా శాలువా అయ్యాక, నా సీటుకు తిరిగొచ్చి ఆ వరుసలో ఆయన ఐడీ తీసి, తర్వాతి షిఫ్టు కుర్రాడి ఐడీ టైపు చేశాను. ఎంటర్ నొక్కడానికి మాత్రం కొంతసేపు పట్టింది.