కోటగుమ్మము రేవునుండి అంతర్వేదికి

కార్తిక పౌర్ణమి స్నానమునకై మేము రాజమహేంద్రవరము పోయి యుంటిమి. వెంట మా అత్తగారును, ఆడుబిడ్డయు, ఎనిమిదేండ్ల మా అమ్మాయియు నుండిరి. రైలు గోదావరి స్టేషనులో ఆగునప్పటికి ఇంకను చీకటి విడలేదు. అచ్చటినుండి కోటగుమ్మము రేవు ఎంతో దూరము లేదు. దారి పొడవునను అరటిదొప్పలు, ఉసిరికాయలు, వత్తులు అమ్మువారు బుట్టలు దింపుకొని కూర్చుండిరి. రేవు మెట్లపై నిలిచి చూచితిమి. 1900 సంవత్సరమున రైళ్లు నడువ నారంభించి 1997లో విశ్రాంతి గొన్న హేవలాకు వంతెన మంచులో సగము కనబడుచు, సగము కనబడకుండ నుండెను. నీటిమీద దీపముల వరుస మెల్లగా సాగిపోవుచుండెను. ఆ సొగసు చూచుటకే మేము పోయితిమి గాని, మా అత్తగారు మొదట నీటివంక చూడనేలేదు.

ఆమె వెనుకకు తిరిగి మేము వచ్చిన త్రోవను పరికించిరి. "అందరూ ఇటే వస్తున్నారు. వెళ్లేటప్పుడు ఇటు పనికిరాదు. ఆ పక్క మెట్లెక్కి పోదాం" అనిరి. పిమ్మట మనుమరాలి ముంజేతిమీద సిరాతో మా ఫోను సంఖ్య వ్రాసి, "తప్పిపోతే ఏం చేస్తావే అమ్మడూ?" అని యడిగిరి. అది తెల్లబోయి చూచెను. "వెతుక్కుంటూ తిరగకు. మార్కండేయస్వామి గుడి గుమ్మం దగ్గర నుంచో. మేమే వస్తాం" అని మూడుమారులు దానిచేత చెప్పించిరి. పండుగపూట ఈ అపశకునపు మాటలేమని మాకు లోలోపల విసుగు కలిగెను.

ఆమె జాగ్రత్తకు కారణము లేకపోలేదు. 2015వ సంవత్సరము జూలై 14వ తేదీని, గోదావరి పుష్కరముల మొదటినాటి యుదయమున, ఈ రేవుననే త్రొక్కిసలాట జరిగి 27 మందికి తక్కువ కాకుండ ప్రాణములు కోల్పోయిరి. వారిలో హెచ్చుమంది స్త్రీలు. నూట నలువది నాలుగేండ్లకు గాని రాని మహాపుష్కరములని ప్రచారము జరుగుటచేత జనము విరుగబడి వచ్చిరి. ఏర్పాట్ల లోపములను గూర్చి చాల వాదములు జరిగినవి, విచారణయు జరిగినది. ఆ తగవు మేమిచ్చట తీర్చబోము. మా మనసును కలచునది వేరొకటి. పుష్కరములు పండ్రెండు దినములు. త్ర్యంబకమున బుట్టినది మొదలు, ధవళేశ్వరము దాటి గౌతమి, వసిష్ఠ, వైనతేయ యను పాయలై సముద్రమున గలియుదాక అంతయు గోదావరియే. ఎదుటి గట్టున కొవ్వూరు గోష్పాదక్షేత్రము గలదు. దిగువను కోటిపల్లి గలదు. ఈ యూరనే కోటిలింగాల రేవు గలదు. అయినను ఆ మొదటి ఘడియయే, ఆ యొక్క రేవే కావలెనని వేలమంది యొకేచోట కూడిరి. మా అత్తగారు ఆరవనాడు కోటిపల్లిలో మునిగి వచ్చిరి. పుణ్యము తగ్గినదేమోయని ఇరుగుపొరుగువారు పరిహాసమాడగా, "తగ్గితే తగ్గింది, మనిషిని మిగిలాను కదమ్మా" అనిరి.

త్రొక్కిసలాట యనగానే క్రిందపడి త్రొక్కబడుటయే యనుకొందుము. కాని పెక్కుసారులు ప్రాణము పోవునది నిలుచుండియే. నలుప్రక్కలనుండి మనుష్యులు నొక్కగా రొమ్ము విచ్చుకొనుటకు తావులేక ఊపిరాడదు. చదరపు మీటరు చోట ఐదారుగురు చేరిరా, అటుపై నడక మన వశమున నుండదు. దానిని కొలుచుటకు బద్ద యక్కరలేదు. రెండు భుజములును ఇరుప్రక్కలవారిని తాకుచు, మనము వేయదలచని అడుగు పడినదా, అప్పుడే తొలగవలెను. ఎదురు నెట్టరాదు. జనము కదలునప్పుడు కదలుచు, ఆ యూపు తగ్గినప్పుడెల్ల ఏటవాలుగా అంచునకు జరుగవలెను. చేతులు మడిచి రొమ్మునకు ముందు పెట్టుకొన్నచో ఊపిరికి చోటు మిగులును. కొంగు నడుమున దోపుకొని, బిడ్డను నడిపింపక ఎత్తుకొనవలెను. ఏది జారిపడినను వంగరాదు. (మా పుట్టినింటి వెండిచెంబు ఒక తిరునాళ్లలో ఇట్లే జారినది. వంగలేదు గనుక పోయినది చెంబొక్కటే.)

ఆనాడు రేవున అంతటి రద్దీ లేదు. అయినను దీపమును నీట విడిచి లేచునంతలో అమ్మాయి చేయి మా చేత లేదు. పేరు పెట్టి కేకలు వేయుచు రెండు మెట్లు దిగితిమి, మూడు మెట్లెక్కితిమి. కన్నులకు నీరు తప్ప మరేమియు కానరాలేదు. అత్తగారు మా భుజము పట్టి కుదిపి, "నీళ్లవైపు మేం చూస్తాం. నువ్వు గుడికి పద" అనిరి. ఎట్లు పోతిమో తెలియదు. గుడి గుమ్మమున, పూలమ్ము ముసలమ్మ ప్రక్కన, తడి పరికిణీతో అది నిలిచి యున్నది. ఏడ్చుటలేదు. మేమే యేడ్చితిమి. "నేను చెప్పినచోటే ఉన్నాను. మీరే తప్పిపోయారు" అనెను. అచ్చటను లేకపోయినచో రేవునందలి పోలీసువారితో చెప్పుదము, 112కు గాని, పిల్లలకై యున్న 1098కి గాని ఫోను చేయుదము అని అత్తగారు ముందే అనుకొనిరట.

ఆ గుండెదడ తగ్గకముందే మరియొకటి జరిగెను. బట్టలు మార్చుకొను మరుగుగదుల కెదురుగా ఒక యువకుడు నదిని ఫొటో తీయువానివలె నిలిచి, ఫోనును మాటిమాటికి స్త్రీలవైపు త్రిప్పుచుండెను. మేము చూచియు తల వంచుకొని కొంగు సరిచేసికొంటిమి. ఈ మాట వ్రాయుటకు సిగ్గగుచున్నది. మా ఆడుబిడ్డ తల వంచుకొనలేదు. "ఏమయ్యా, ఆ ఫోను ఎటు తిప్పుతున్నావు?" అని రేవంతయు వినబడునట్లు అడిగెను. తడిచీరలతోనే పదిమంది ఆమె చుట్టు చేరిరి. అతడు జారుకొనబోవగా మహిళా కానిస్టేబులు వచ్చి పట్టుకొనెను. బట్టలు మార్చుకొను స్త్రీని చాటుగా చిత్రించుట 2013 నాటి చట్టసవరణచే శిక్షార్హమైన నేరమని ఆ కానిస్టేబులే మాకు చెప్పెను. "తప్పు వాడిదైతే తలలు మనం వంచుకోవడమేమే?" అని అత్తగారు మా వంక చూచి యనిరి. మేము బదులు చెప్పలేకపోతిమి.

మరునాడు నరసాపురము చేరితిమి. వసిష్ఠను దాటి సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది నరసింహస్వామి దర్శనమునకు పోవలెనని మా తలంపు. రేవున పంటి సిద్ధముగా నుండెను. దానిపై మోటారు సైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు, చేపల గంపలు, మనుష్యులు అన్నియు కలగలుపు. నది నిండుగా ప్రశాంతముగా నున్నది. పాపికొండలకు పోవుచున్న పడవ 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు కడ వరదనీటిలో మునిగినప్పుడు, ఎక్కినవారిలో సగముమందియైనను బ్రతుకలేదన్న సంగతి మాకు జ్ఞప్తికి వచ్చెను. పైకి చెప్పలేదు. బండ్లకు దూరముగా, అంచునకు మరీ దగ్గర గాకుండ నిలువ జూచితిమి.

అంతలో మా అమ్మాయి పంటివాని యెదుటికి పోయి, "తాతా, లైఫు జాకెట్లు ఎన్ని ఉన్నాయి?" అని యడిగెను. ఆయన నవ్వి ఒక మూలకు చూపెను. అది అచ్చటికి పోయి ఒక్కొక్కటే లెక్కపెట్టి వచ్చి, పిమ్మట పంటిమీది మనుష్యులను లెక్కపెట్ట మొదలిడెను. లెక్క పూర్తికాకముందే పంటి కదలెను.